కోడి నడవాలి

"కొడవలి వదులు లరిబా!"

"ముందు మీరు నా చెయ్యి వదలండి వదినా!"

ఇద్దరిలో ఎవరూ వదల్లేదు. లరిబా చేతిలోని కొడవలి మొన కూతురి కాలికట్టుకి బెత్తెడు దూరంలో వణుకుతోంది. ఆ మణికట్టును ఆడపడుచు తలాటా రెండు చేతులా బిగించి పట్టుకుంది. తలాటాది కుంటికాలే గానీ పట్టు మాత్రం మొసలి పట్టు. వయసులో ఉండగా బెదిరి పరిగెత్తే ఎద్దును తోక పట్టుకుని ఆపిందని మా జిమాయిలి ఊళ్ళో చెప్పుకుంటారు. ఎద్దు ఆగిందని నేననను. తోక మాత్రం ఈమె చేతిలో ఉండిపోయిందని విన్నాను.

చాప మీద పడుకున్న వుంపిని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. బడిలో చిన్నవాళ్ళకి అక్షరాలు నేర్పుతుంది. అడ్డొచ్చిన మేకను తప్పించబోయి మోటార్‌సైకిలుతో సహా గోతిలో పడి, ఎడమ కాలు మోకాలి కింద విరగ్గొట్టుకుని నేటికి ఏడు రోజులు. ఆ మేక మాత్రం నిక్షేపంగా ఉంది. పొద్దున కూడా ఈ వాకిట్లోకే వచ్చి జొన్న తవుడు తిని పోయింది.

"అత్తా, అమ్మని కోయనీ," అంది వుంపిని. "నా వేళ్ళు నాకు తెలియడం లేదు."

"తెలుస్తాయిలే. కోడి నడిచాక అన్నీ తెలుస్తాయి."

"కోడి! కోడి! కోడి!" లరిబా గొంతు చీలిపోయింది. "నా కూతురు కోడికి పుట్టిందా వదినా?"

మూలన బుట్టలో ఎర్ర పెట్ట ఒకటి ఒరిగి పడుకుని ఉంది. దాని ఎడమ కాలికీ చీపురుపుల్లలంత వెదురు బద్దలు, అదే ఆకు పసరు, అదే షియా గింజల వెన్న. ఈ ఇంట్లో ఎముక అతికే పద్ధతి అది. మనిషి కాలు ఎక్కడ విరిగిందో కోడి కాలు అక్కడే విరిచి, రెంటికీ ఒకే చేత్తో కట్టు కడతారు. మనిషికి ఏం చేస్తే కోడికి అదే, కోడికి ఏం చేస్తే మనిషికి అదే. కోడి లేచి నడిచిన రోజున మనిషి కట్టు విప్పాలి. ముందే విప్పితే ఎముక దారి మరిచిపోతుంది.

ఈ ఇంటి ముత్తాత ఒకాయన ఏనుగు కాలికి కట్టు కట్టాడట. దానికి జోడీగా ఒక కోడి చాలక నలభై కోళ్ళ కాళ్ళు విరిచాడట. నలభై కోళ్ళూ ఒకే పొద్దున లేచి వరసగా నడిస్తే, ఏనుగు వాటి వెనకాలే నడిచి అడవిలోకి పోయిందని మా నాన్న చెప్పేవాడు. నలభై కాదు, ముప్పైతొమ్మిదే, ఒకటి ముందురోజే పులుసులోకి పోయింది అని మా అమ్మ సరిదిద్దేది.

ఈ పెట్టకి మాత్రం ఆ ఏనుగు నాటి మర్యాద తెలియదు. మొన్న మధ్యాహ్నం తన కట్టును తనే పొడిచి పొడిచి వదులు చేసుకుంది. ఇంటి పెద్ద, వుంపిని పెదనాన్న అజిందో దాని కట్టు మళ్ళీ గట్టిగా బిగించాడు. కోడికి చేసింది మనిషికీ చెయ్యాలి గనక వుంపిని కట్టునూ అంతే గట్టిగా బిగించాడు. కోడి కాలు పుల్లలా ఉంది. పిల్ల కాలు అప్పటికే సొరకాయలా వాచి ఉంది.

ఆ బిగింపు తరవాత పిల్ల పెట్టిన కేకలకి పక్కనే ఉన్న మా ఇంటి గోడలు కూడా నిద్రపోలేదు. ఈ తెల్లవారుజామున కేకలు ఆగిపోయాయి. ఇంటిల్లిపాదీ దేవుడికి దణ్ణం పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తల్లి ఒక్కతే లేచి వెళ్ళి వేళ్ళు తాకి చూసింది. బావి నీళ్ళలా చల్లగా ఉన్నాయి.

అందుకే కొడవలి.

"ఏమిటీ గోల?" అంటూ వుంపిని తండ్రి సుమానీ లోపలికి వచ్చాడు. భార్య చేతిలో కొడవలి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"వచ్చారా? రండి. ఆసుపత్రి మంచం మీంచి పిల్లని భుజాన వేసుకొచ్చింది మీరే కదా. ఆ వేళ్ళు చూడండి. ఏం రంగో చెప్పండి."

సుమానీ చూడలేదు. "వాళ్ళు ఎముకలోకి ఇనుప కడ్డీ దింపుతామన్నారు. వినలేదా నువ్వు? మన ఊరి బాబా కొడుకు రెండు కాళ్ళతో వెళ్ళి ఒంటికాలితో వచ్చాడు."

"వాడు ఇంట్లో పదిహేను రోజులు కుళ్ళబెట్టుకుని వెళ్ళాడు!"

"అదీ నిజమే."

"అదీ నిజమే, ఇదీ నిజమే! మీకు పెళ్ళినాటి నుంచీ అన్నీ నిజాలే. ఒక్కసారి ఏదో ఒకటి అబద్ధమనండి, మీ కాళ్ళకి మొక్కుతాను!"

సుమానీ భార్య దగ్గరికి వెళ్ళి కొడవలి తీసుకున్నాడు. ఎందుకో లరిబా ఆయనకి ఇచ్చేసింది. ఆయన దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడే బయట మోటార్‌సైకిలు ఆగిన చప్పుడు. ఊరి చివర చిన్న క్లినిక్‌లో ఉండే నర్సు రహినాతు వచ్చింది. తెల్లవారుతూనే ఆమెకి కబురు చేసింది లరిబాయే. ఆమె వెనకాలే, వాకిటి గుండ్రటి గదిలో రోగుల్ని చూస్తున్న అజిందో కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

ఈ ముసలాయనకీ ఆ నర్సుకీ మంచి స్నేహం. రక్తం కారే గాయం వస్తే ఈయన ఆమె దగ్గరికి పంపుతాడు. బెణికిన చేయి వస్తే ఆమె ఈయన దగ్గరికి పంపుతుంది. ఆమె ఆయన మనవరాలి ఈడుది గనక, మా దగ్బోన్ సీమలో తాతామనవరాళ్ళ వేళాకోళం వరస ప్రకారం "ఏం చిన్న పెళ్ళామా, అన్నం వండావా?" అంటాడు ఆయన. "పళ్ళు తెచ్చుకో ముసలి మొగుడా, వండుతాను," అంటుంది ఆమె. ఊరంతా నవ్వుతుంది.

ఈవేళ అజిందో ఆమెను చూసి, "కూర్చో నర్సమ్మా," అన్నాడు.

ఇంట్లో అందరికీ గుండె జారింది.

రహినాతు మోకాళ్ళ మీద కూర్చుని వుంపిని పాదాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. గోరు ఒకటి నొక్కి వదిలింది. మళ్ళీ నొక్కింది.

"తాతా, ఇది ఇప్పుడే విప్పాలి."

"కోడి నడవలేదు."

"విప్పితే ఎముక కదులుతుంది. నేను కాదనను. కదిలిన ఎముకని మళ్ళీ కూర్చొచ్చు, నువ్వయినా కూర్చుతావు, వాళ్ళయినా కూరుస్తారు. చచ్చిన పాదాన్ని ఎవరు లేపుతారు?"

"ఎంతసేపుంది?" అన్నాడు సుమానీ.

"తెలిస్తే చెప్పనా? ఇంకో గంట ఉందేమో. పొద్దునే దాటిపోయిందేమో."

లరిబా నోట్లో తలగుడ్డ కొస కుక్కుకుంది.

"నువ్వే విప్పెయ్ అమ్మా," అంది గుడ్డలోంచే. "నీ దగ్గర కత్తెర ఉంది కదా."

రహినాతు తల అడ్డంగా ఊపింది. "ఇంటి పెద్ద వద్దంటుంటే కోస్తే, రేపు ఈ ఊళ్ళో ఒక్క గడపా నన్ను తొక్కనివ్వరు. పసిపిల్లలకి టీకాలు వేయించరు. ఆయన మాట కావాలి నాకు."

అందరూ అజిందో వైపు చూశారు. ఆయన తన చేతులు చూసుకుంటున్నాడు. ఆ చేతులు గొడ్డళ్ళతో తెగినవాళ్ళకి కాదు గానీ, చెట్ల మీంచి పడ్డవాళ్ళకీ, లారీల కింద పడ్డవాళ్ళకీ ఎంతమందికి కాళ్ళు తిరిగిచ్చాయో లెక్కలేదు. టమాలె పట్నం నుంచి పెద్ద ఉద్యోగస్థులు కారులో వచ్చి ఈ వాకిట్లో చాప మీద పడుకుని పోయారు.

"ఒక్కసారి విప్పాను," అన్నాడు. "కోడి నడవకముందే. నా బతుకులో ఒక్కసారి."

"అన్నా, ఆ మాట ఇప్పుడెందుకు?" అంది తలాటా.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడే?"

తలాటా తన చుట్టుగుడ్డ మోకాలి దాకా పైకి తీసింది. ఆ కాలి ఎముక మధ్యలో వంగి, పక్కకి తిరిగి, మళ్ళీ కిందికి దిగింది.

"నాకు పదకొండేళ్ళు," అంది లరిబాతో. గొంతులో కోపం లేదు. "నొప్పి ఓర్చుకోలేక ఏడ్చాను. ఈయనకి అప్పుడే మీసాలొస్తున్నాయి. నా ఏడుపు వినలేక నాన్న లేని వేళ చూసి కట్టు విప్పాడు. నువ్వు నన్ను గయ్యాళి అనుకో, మొసలి అనుకో. ముగ్గురు పెళ్ళికొడుకులు నా నడక చూసి వెనక్కి పోయారు. నా మేనకోడలికి అది రానివ్వను."

బయట ఎడారిగాలికి రేకు ఒకటి టపటపా కొట్టుకుంది.

"నువ్వు చెప్పు తల్లీ," అన్నాడు అజిందో చాప దగ్గర వంగి. "కాలు నీది."

వుంపిని అత్త కాలు చూసింది. తన కాలు చూసుకుంది. "నాకు భయంగా ఉంది పెదనాన్నా. విప్పినా భయమే, విప్పకపోయినా భయమే." తరవాత మెల్లగా, "పిల్లలకి 'య' దాకా నేర్పి వచ్చాను. వాళ్ళు అక్కడే ఆగిపోయుంటారు," అంది.

దూరంగా మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించింది. అజిందో నీళ్ళ చెంబు అందుకుని లేచాడు.

"వచ్చాక మాట్లాడదాం."

"బావగారూ!" లరిబా ఆయన దారికి అడ్డంగా మోకాళ్ళ మీద పడింది. "మీరు వచ్చేసరికి..."

"కోడి నడవకుండా నేను విప్పలేనమ్మా. నా చేతికి మా నాన్న పెట్టిన ఒట్టు అది. అది తప్పితే ఈ చెయ్యి ఇక దేనికీ పనికిరాదు." ఆయన మూలనున్న బుట్ట వైపు చూశాడు. "కోడి నడిస్తే... ఇప్పుడే, ఈ క్షణాన నడిస్తే, నా పళ్ళతో కొరికి విప్పనూ?"

మగవాళ్ళిద్దరూ మసీదుకి వెళ్ళారు. సుమానీ చంకలో కొడవలి ఉన్న సంగతి వీధి మలుపు దగ్గర ఎవరో చెబితే గానీ తెలియలేదట. తలాటా వెనక వాకిట్లో కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. రహినాతు బయటికి నడిచి, మూడు చక్రాల బండివాడికి ఫోన్ చేసి, గుమ్మం ముందు పెట్టి ఉంచమంది.

లరిబా ఇంకా మోకాళ్ళ మీదే ఉంది.

"కోడి నడిస్తే," అంది తనలో తాను.

"అమ్మా?" అంది వుంపిని.

లరిబా లేచింది. ఆ మనిషి నలభై అయిదేళ్ళ వయసులో అంత జోరుగా కదలడం నేనెప్పుడూ వినలేదు. పెరట్లోకి పరిగెత్తి, ఈ ఎర్ర పెట్టతో పాటే ఒకే తల్లి పొదిగిన ఇంకో ఎర్ర పెట్టను పట్టింది. మెడ మీద చుక్కలు కూడా అవే. కోడి అరవకుండా ముక్కు మూసి లోపలికి తెచ్చింది. బుట్టలోని పెట్ట కట్టు విప్పి, ఆ బద్దలే, ఆ గుడ్డే ఈ కొత్త పెట్ట కాలికి చుట్టింది. గుడ్డ రెండుసార్లు జారింది.

"అమ్మా, ఏం చేస్తున్నావే?"

"నోరు మూసుకో. నువ్వేం చూడలేదు."

"పెదనాన్నకి తెలిసిపోతుంది."

"తెలియనీ. నన్ను కొట్టనీ, వెళ్ళగొట్టనీ. పుట్టింటికి పోతాను. నువ్వు రెండు కాళ్ళ మీద నడిచి నన్ను చూడ్డానికి రా."

అసలు పెట్టను తీసుకెళ్ళి తన గదిలో పెద్ద మట్టికుండ కింద మూసింది. తిరిగొచ్చి చాప పక్కన కూర్చుని, కూతురి చల్లటి వేళ్ళను తన పొట్టకి ఆనించుకుంది.

నమాజు అయి అజిందో వాకిట్లో అడుగు పెట్టేసరికి ఎర్ర పెట్ట గది మధ్యలో ఉంది. కట్టు కట్టిన కాలిని కాస్త ఎత్తెత్తి వేస్తూ, నేల మీద జొన్నగింజలు ఏరుకుంటూ నడుస్తోంది.

"నడిచింది!" అంది లరిబా. "బావగారూ, చూడండి, నడిచింది!"

సుమానీ నోరు తెరిచి, "అల్లాహు అక్బర్!" అన్నాడు. ఆయనకి ఇదీ నిజమే.

తలాటా గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఏడు రోజులకి కోడి నడవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

అజిందో వంగి పెట్టను ఎత్తుకున్నాడు. ఒళ్ళో పెట్టుకుని, కట్టు మీంచి కాదు, కట్టు కిందికి వేలు పోనిచ్చి, ఎముకని పైనుంచి కిందికి తడిమాడు. విరిగిన ఎముక అతికిన చోట చిన్న కణుపు కడుతుంది. కళ్ళకి గంతలు కట్టినా ఆ వేలికి కణుపు దొరకాల్సిందే. ఆ వేలు ఒకసారి దిగింది. మళ్ళీ పైకి వెళ్ళి ఇంకోసారి దిగింది.

లరిబా ఆ వేలినే చూస్తోంది.

అప్పుడే లోపలి గదిలో కుండ కింద నుంచి కోడి "క్కొ... క్కొ..." అంది.

రహినాతు తల వంచుకుంది. వుంపిని కళ్ళు మూసుకుంది. తలాటా కుంటుతూ లోపలి గది వైపు రెండడుగులు వేసింది.

"తలాటా," అన్నాడు అజిందో.

"అన్నా, ఆ కుండలో..."

"నేను ముసలాణ్ణి. నాకు చెవులు సరిగా వినబడవు."

"నిన్నటిదాకా పక్కూళ్ళో ఎవరు తుమ్మారో చెప్పేవాడివి!"

"ఇవాళ్టి నుంచి వినబడదు." ఆయన పెట్టను నేల మీద వదిలాడు. అది రెండు రెక్కలూ దులుపుకుని చకచకా నడిచింది. "చూశావు కదా. కోడి నడిచింది."

"ఒట్టు అన్నా. నాన్న ఒట్టు."

"కోడి నడిచిందన్నాను!" ఆ అరుపుకి పెట్ట గుమ్మం దాటి పారిపోయింది. "మొన్న బిగించింది ఈ చెయ్యే. ఇంటి పెద్దని నేను. ఈ ఇంట్లో కోడి నడిచిందో లేదో నేనే చెబుతాను. కాదంటే నువ్వొచ్చి చెప్పు."

తలాటా అన్న మొహంలోకి చూసింది. తరవాత మేనకోడలి పాదం వైపు చూసింది, పొద్దుటి నుంచీ మొదటిసారి. లోపలి గదిలోకి వెళ్ళింది. అందరూ ఆ కుండ లేస్తుందేమోనని చెవులు రిక్కించారు. తలాటా గోరువెచ్చని నీళ్ళ గిన్నెతో బయటికి వచ్చి చాప పక్కన పెట్టింది.

"మెల్లిగా విప్పు," అంది. "నాది విప్పినట్టు లాగొద్దు."

అజిందో ముడి ఒకటి విప్పాడు. రెండోది చర్మంలోకి దిగిపోయి ఉంది. రహినాతు కత్తెర ఇచ్చింది. ఆ ఇంట్లో ఆ కట్టు మీద ఇనుము పడటం అదే మొదటిసారి. బద్దలు ఒక్కొక్కటే ఊడుతుంటే కాలి మీద వాటి గుర్తులు నాగటి చాళ్ళలా లోతుగా మిగిలాయి. చీలమండ చుట్టూ నీటి బొబ్బలు. పాదం బూడిదరంగులో, వేళ్ళ దగ్గర ముదురు నేరేడు రంగులో ఉంది.

సుమానీ గోడకి తిరిగి నిలబడ్డాడు.

"నర్సమ్మా, రక్తం వస్తోందా కిందికి?" అన్నాడు అజిందో.

"ఉండు తాతా." ఆమె కాలికి రెండు వైపులా అట్ట పెట్టి వదులుగా గుడ్డ చుట్టింది. "బండి బయట ఉంది. ఎలాగూ ఆసుపత్రికి పోవాల్సిందే. వాళ్ళు వాపు కోసి వదులు చేస్తారు. కానీ వాళ్ళు మొదట అడిగేది ఒకటే, స్పర్శ ఉందా అని."

తన తలగుడ్డకి పెట్టుకున్న పిన్నీసు తీసింది.

"వుంపినీ, గుచ్చుతాను. నొప్పి పుడితే చెప్పు."

బొటనవేలు. "తెలుస్తోందా?"

"లేదక్కా."

రెండోది. మూడోది. వుంపిని తల అడ్డంగా ఊపింది.

"అరవవే తల్లీ," అంది లరిబా. నిన్నంతా కూతురు అరవకూడదని దేవుణ్ణి వేడుకున్న మనిషి. "ఒక్కసారి అరవవే. నీకు దణ్ణం పెడతాను, అరవవే."

నాలుగోది. లేదు.

చిటికెనవేలు.

"అబ్బా!" అంది వుంపిని.

లరిబా కూతురి మీద పడి మొహమంతా ముద్దులు పెట్టుకుంది. సుమానీ గోడనుంచి ఇటు తిరిగాడు. తలాటా ముక్కు చీదుకుని, "మా ఇంటి పిల్ల కాదూ, ఎక్కడికి పోతుంది కాలు," అంది.

రహినాతు నవ్వలేదు. పిన్నీసు ఎక్కడ దిగుతోందో చూసింది తను ఒక్కతే కాదని, వుంపిని కూడా చూసిందని ఆమెకి తెలుసు. పిల్ల కళ్ళు పిన్నీసు మీంచి తల్లి మొహం మీదికి వెళ్ళడం చూసింది. ఆ తరవాతే "అబ్బా" వచ్చింది.

"లరిబమ్మా, మీ తలగుడ్డ ఇలా ఇవ్వండి."

"ఎందుకమ్మా?"

"ఇవ్వండి."

ఆమె ఆ గుడ్డను వుంపిని కళ్ళ మీదుగా చుట్టి వెనక ముడి వేసింది.

"ఇంకోసారి. ఎప్పుడు గుచ్చానో నువ్వే చెప్పాలి."

వుంపిని తల ఊపింది. పెదవులు తడుపుకుంది. చిన్నపిల్ల బళ్ళో లెక్క చెప్పడానికి నిలబడ్డట్టు చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

అజిందో, సుమానీ, తలాటా, లరిబా నలుగురూ ఆ చిటికెనవేలి మీదికి వంగారు.

కొంచెంసేపటికి వుంపిని, "గుచ్చావా అక్కా?" అని అడిగింది.

"ఇంకా లేదమ్మా," అంది రహినాతు.

పిన్నీసు సగం దాకా వేలిలోనే ఉంది.